సంఘంలో పిల్లల వేధింపుల ఫిర్యాదు వస్తే పెద్దలు ఏం చేయాలి, ఏం చేయకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ సంఘంలో యూత్ లీడర్ ఒకతను 15 ఏళ్ళ అమ్మాయికి రాత్రిళ్ళు మెసేజ్‌లు పెడుతున్నాడని, రెండుసార్లు తప్పుగా తాకాడని వాళ్ళమ్మ వచ్చి కమిటీకి చెప్పింది. పాస్టర్ గారేమో ఇద్దర్నీ పిలిచి కూర్చోబెడదాం, ప్రార్థన చేద్దాం, దేవుని పనికి నష్టం కాబట్టి బయటికి మాత్రం పోనివ్వద్దు అంటున్నారు. కమిటీ మెంబర్‌గా నేనేం చేయాలి, ఇలాంటివి మళ్ళీ జరక్కుండా ఏం పెట్టుకోవాలి అని. నేను చాలా ఏళ్ళుగా సంఘాలకి పిల్లల భద్రత విషయంలో సలహాలిచ్చే పనిలోనే ఉన్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి బ్రదర్.

ముందు ఆ మీటింగ్ ఆపండి. మిగతావన్నీ తర్వాత. ఆ అమ్మాయిని అతని ఎదురుగా కూర్చోబెడితే ఏం జరుగుతుందో నేను చాలా చోట్ల చూశాను, చుట్టూ పెద్దవాళ్ళు, మధ్యలో పాస్టర్ గారు, ఎదురుగా అతను ఏడుస్తూ మోకాళ్ళ మీద, ఆ పిల్ల తల దించుకుని "నేనే పొరపాటు పడ్డానేమో" అంటుంది, అంతే, విషయం సెటిల్ అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అతనికి మాత్రం ఫిర్యాదు వచ్చిందన్న సంగతి ముందే తెలిసిపోయింది కాబట్టి ఆ రాత్రే ఫోన్‌లో ఉన్నవన్నీ డిలీట్ చేస్తాడు. రేపు కేసు కోర్టుకి వెళ్తే అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్న కూడా దీని గురించే, ఈ మాటలు పిల్ల చెప్పినవా, సంఘ పెద్దలు నేర్పినవా అని. మంచి ఉద్దేశంతో చేసిన ఆ ఒక్క మీటింగ్ ఆ అమ్మాయి కేసుని చంపేస్తుంది.

నిజమా కాదా తేల్చడం సంఘం పని కాదు. ఫిర్యాదు వచ్చిన క్షణం నుంచి సంఘం కూడా ఇందులో ఒక పార్టీనే, ఎందుకంటే అతన్ని ఆ పదవిలో పెట్టింది మీరే, పిల్లల్ని అతనికి అప్పజెప్పింది మీరే, ఇది నిజమని తేలితే పేరు పోయేది మీకే. మీ మీదే వచ్చిన విషయంలో మీరే జడ్జిగా కూర్చోకూడదు. మీ పని వినడం, విన్నది రాసి పెట్టడం, పోలీసులకి అప్పజెప్పడం, ఈలోగా అతన్ని పిల్లలకి దూరంగా పెట్టడం.

రాయడం అంటే వాళ్ళమ్మ చెప్పింది ఆమె మాటల్లోనే, తేదీ, టైము, ఎవరెవరు విన్నారు అన్నది వేసి సంతకం చేసి పెట్టడం. మీ అభిప్రాయం, "బహుశా" "అనుకుంటా" లాంటివి అందులో వద్దు. అమ్మాయిని మళ్ళీ మళ్ళీ అడగొద్దు, తనంతట తను చెప్తే వినండి, "నిన్ను నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పేం లేదు" అనండి, ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వొద్దు, ఎందుకంటే ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు, నిలబెట్టుకోకూడదు కూడా. ఎవరికి చెప్పబోతున్నారో, ఎందుకో తనకి అర్థమయ్యేలా ముందే చెప్పండి. మెసేజ్‌లు ఉన్న ఫోన్ అలాగే ఉంచమనండి, ఏదీ చెరపొద్దు, అతన్ని బ్లాక్ చేసే ముందు పోలీసుల్ని ఒకమాట అడగమనండి. ఆ స్క్రీన్‌షాట్లు కమిటీ గ్రూపులో పెట్టమని ఎవరైనా అడిగితే గట్టిగా వద్దని చెప్పండి, ఒకసారి ఫార్వార్డ్ అయ్యాక ఆ అమ్మాయి జీవితం అందరి చేతుల్లోకీ వెళ్ళిపోతుంది.

మీరు ఏ దేశం నుంచి అడుగుతున్నారో రాయలేదు, చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. భారత్‌లో అయితే 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పిల్లల మీద నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సరే, పాస్టర్ అయినా, టీచర్ అయినా, పక్కింటి మనిషైనా, పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల దాకా జైలు ఉంది, సంస్థ బాధ్యతలో ఉన్న మనిషి తన కింద పనిచేసేవాడి విషయంలో చెప్పకుండా ఉంటే ఏడాది దాకా. ఐర్లండ్‌లో 2017 డిసెంబర్ నుంచి పాదిరీలు, పాస్టర్లు కూడా తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సినవాళ్ళ జాబితాలో ఉన్నారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2019లో చట్టం మార్చి పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్న విషయానికి కూడా మినహాయింపు తీసేసింది. మీ దేశంలో ఏముందో ఒక లాయర్‌ని అడగండి, కానీ ఆ లాయర్ సంఘానిది కాకుండా ఉంటే మంచిది. చట్టం బలవంతం చేయని చోట కూడా పిల్లల విషయంలో పోలీసులకి చెప్పమనే నేను అంటాను.

లోపలే చూసుకుందాం అన్న ప్రతిచోటా ఏం జరిగిందో ఇప్పుడు దాచలేనంత రికార్డు ఉంది. 2002 జనవరిలో బోస్టన్‌లో ఒక పత్రిక బయటపెట్టింది, వేధింపుల చరిత్ర తెలిసి కూడా ఫాదర్లని ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మారుస్తూ పోయారని, ఆ ఏడాది డిసెంబర్‌లో అక్కడి కార్డినల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 2004లో వచ్చిన జాన్ జే కాలేజీ రిపోర్టు ప్రకారం 1950 నుంచి 2002 వరకు అమెరికాలో ఆరోపణలు వచ్చిన ఫాదర్లు 4,392 మంది. ఇది కేథలిక్కుల సమస్య, మనకి లేదు అనే ప్రొటెస్టెంట్లు చాలామంది ఉన్నారు, వాళ్ళకి నేను జాన్ స్మిత్ సంగతి చెప్తాను.

స్మిత్ పాదిరీ కూడా కాదు, ఇంగ్లండ్‌లో పేరున్న లాయరు, అబ్బాయిలకి క్రైస్తవ సమ్మర్ క్యాంపులు నడిపే ట్రస్టుకి ఛైర్మన్‌గా చేశాడు. కుర్రాళ్ళని ఇంటికి తీసుకెళ్ళి, పాపానికి శిక్ష అని బైబిల్ మాటలు చెప్తూ, తోటలో ఉన్న షెడ్డులో రక్తం వచ్చేలా బెత్తంతో కొట్టేవాడు. 1982లోనే ఒక పాదిరీ దీని మీద రిపోర్టు రాశారు, కొంతమంది నాయకులు చదివారు, పోలీసులకి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తెలిసినవాళ్ళలో ఒకాయన తర్వాత చెప్పిన కారణం ఏంటంటే, ఇది బయటపడితే దేవుని పనికి చాలా నష్టం అనుకున్నాను అని. స్మిత్ 1984లో జింబాబ్వే వెళ్ళాడు, అక్కడ మళ్ళీ క్యాంపులు పెట్టాడు, మళ్ళీ కొట్టాడు, 1992లో అతని క్యాంపులో 16 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. 2013లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పైస్థాయి వాళ్ళకి విషయం తెలిసింది, అప్పుడు కూడా గట్టిగా పట్టుకోలేదు. 2018లో అతను ఏ కోర్టులోనూ శిక్ష పడకుండానే పోయాడు. 2024 నవంబర్‌లో దీని మీద జరిగిన విచారణ, మేకిన్ రిపోర్టు, వచ్చాక ఆ చర్చి పెద్ద ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. బాధితులు 130 మంది దాకా ఉండొచ్చని అంచనా. 1982లో ఆ కాగితం పోలీసుల చేతికి ఇచ్చి ఉంటే ఆఫ్రికాలో ఆ పిల్లలకి అతను ఎవరో కూడా తెలిసేది కాదు. పాస్టర్ గారికి ఇది చెప్పండి, ఎందుకంటే ఆయన అంటున్నది కూడా అచ్చం అదే మాట, దేవుని పనికి నష్టం అని.

ఆయన వాక్యం తీస్తారు, అది కూడా తెలుసు. మత్తయి 18లో సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని ఉంది కదా అంటారు. అదే అధ్యాయం 6వ వచనం కూడా చదవమనండి, చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాడి మెడకి తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం వాడికి మేలు అని అక్కడే ఉంది. ఇద్దరు సమానుల మధ్య వచ్చిన తగాదా గురించి చెప్పిన పద్ధతిని 15 ఏళ్ళ పిల్లకీ, ఆమె మీద అధికారం ఉన్న మనిషికీ పెట్టడం వాక్యానికి కూడా అన్యాయమే. 1 తిమోతి 5:19 చూపించి ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవాలి అంటారు, ఆ తర్వాతి వచనంలో పాపం చేసినవాళ్ళని అందరి ఎదుట గద్దించమని ఉన్నది మాత్రం ఎవరూ చదవరు, పైగా ఇలాంటి పనులు సాక్షుల ముందు ఎవరు చేస్తారు? అభిషిక్తుణ్ణి ముట్టకూడదు అన్నదీ అంతే, పోలీసులకి చెప్పడానికీ దానికీ సంబంధం లేదు. రోమా 13లో చెడు చేసేవాణ్ణి శిక్షించడానికి అధికారులు దేవుని పరిచారకులు అని పౌలే రాశాడు. క్షమించడం గురించి ఒక్కమాట: ఆ అమ్మాయి ఎప్పుడో, తన టైములో, తనంతట తను క్షమిస్తే అది తనకీ దేవుడికీ మధ్య. దాన్ని కమిటీ అడిగి తీసుకోకూడదు. అసలు క్షమాపణ ఉన్నా సరే అతనికి మళ్ళీ పిల్లల్ని అప్పజెప్పాలన్న రూలు ఎక్కడా లేదు.

అతని విషయానికి వద్దాం. పోలీసులకి చెప్పాక, వాళ్ళు ఎప్పుడు చెప్పమంటే అప్పుడు, ఇద్దరు పెద్దలు వెళ్ళి చెప్పండి, ఫిర్యాదు వచ్చింది, విచారణ అయ్యేదాకా అన్ని బాధ్యతల నుంచీ తప్పుకోవాలి, ఇది తీర్పు కాదు అని. వివరాలు చెప్పొద్దు, వాదన పెట్టుకోవద్దు. యూత్ మీటింగులు ఒక్కటే కాదు, స్టేజి మీద పాటలు, గిటారు, మైకు, సంఘం గ్రూపులు, బిల్డింగ్ తాళాలు అన్నీ. స్టేజి మీద అతన్ని చూసిన ప్రతి ఆదివారం ఆ అమ్మాయికి సంఘం ఎవరి పక్షమో అర్థమవుతుంది. అతనికీ కుటుంబం ఉంటుంది, వాళ్ళని పట్టించుకోవడానికి వేరే మనిషిని పెట్టండి, అమ్మాయి కుటుంబంతో ఉండే మనిషి ఇతని దగ్గరికి వెళ్ళకూడదు. తప్పుడు ఫిర్యాదైతే ఎలా అని చాలామంది అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే, అందుకే తేల్చడం తెలిసినవాళ్ళకి అప్పజెప్పమంటున్నాను. బయటివాళ్ళు విచారించి నిర్దోషి అంటే దానికి విలువ ఉంటుంది, కమిటీ తలుపులేసుకుని నిర్దోషి అంటే ఎవరూ నమ్మరు, అతనికీ మేలు జరగదు. దయచేసి మంచి మనిషని కోర్టుకి ఉత్తరాలు మాత్రం సంఘం లెటర్‌హెడ్ మీద రాయకండి.

సంఘానికి ఏం చెప్పాలి అన్నది చాలామంది తప్పు చేసే చోటు. ఏమీ చెప్పకపోతే పుకార్లు ఆ అమ్మాయి మీదకే వెళ్తాయి. అమ్మాయి ఎవరో తెలిసేలా ఒక్క ముక్క కూడా వద్దు, కొన్ని దేశాల్లో అది నేరం కూడా. ఒక సేవకుడి మీద ఫిర్యాదు వచ్చింది, పోలీసులకి ఇచ్చాం, అతను బాధ్యతల్లో లేడు, ఇంకెవరికైనా ఏమైనా తెలిస్తే ఫలానా అధికారికి నేరుగా చెప్పండి అని రాసి చదవండి, పోలీసులకి ఒకసారి చూపించాకే. ఈ చివరి మాట చాలా ముఖ్యం, ఎందుకంటే ఇలాంటివాళ్ళు ఒక్క పిల్లతో ఆగినవాళ్ళు చాలా తక్కువ, ఇంకో అమ్మాయి నీకేం జరిగిందో నాకూ అదే జరిగింది అని చెప్పడానికి ఆ ప్రకటన కోసమే ఎదురుచూస్తూ ఉండొచ్చు. కౌన్సెలింగ్ ఖర్చు సంఘం పెట్టుకోవాలి, కౌన్సెలర్‌ని ఎంచుకోవాల్సింది మాత్రం ఆ కుటుంబమే. డబ్బిచ్చి ఇక ఎక్కడా మాట్లాడనని సంతకం పెట్టించుకోవడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వద్దు. పేరున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకారియాస్ విషయంలో ఒక మహిళ ఫిర్యాదు 2017లో అలాంటి ఒప్పందంతోనే మూసేశారు, ఆయన పోయాక 2021 ఫిబ్రవరిలో సొంత సంస్థ పెట్టించిన విచారణలోనే ఎంతోమంది మహిళల పట్ల ఆయన చేసింది బయటికి వచ్చింది. ఆ నోరు మూయించిన సంవత్సరాల్లో ఆయన్ని దైవజనుడని ప్రపంచమంతా పిలుస్తూనే ఉంది.

మాది స్వతంత్ర సంఘం, మా పైన ఎవరూ లేరు అని రాశారు. అందుకే మీకు ఎక్కువ జాగ్రత్త కావాలి. అమెరికాలో సదరన్ బాప్టిస్టులు అనే పెద్ద ప్రొటెస్టెంట్ శాఖవాళ్ళు ఏళ్ళ తరబడి ఇదే చెప్పారు, ప్రతి సంఘమూ స్వతంత్రమే, అందుకని వేధించినవాళ్ళ జాబితా పెట్టడం కుదరదు అని. 2022 మేలో దీన్ని విచారించిన గైడ్‌పోస్ట్ సంస్థ రిపోర్టు వచ్చాక తెలిసింది, వాళ్ళ ఆఫీసులోనే ఒక ఉద్యోగి ఎప్పటినుంచో 703 పేర్లతో జాబితా పెట్టుకుంటూ వచ్చాడు, సంఘాలకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక సంఘం నుంచి మౌనంగా రాజీనామా చేసి పోయినవాడు మంచి సిఫార్సు ఉత్తరంతో ఇంకో సంఘంలో తేలేది ఇలాగే. మీ మనిషి రేపు వేరే చోటికి పోతే, వాళ్ళు ఫోన్ చేసి అడిగితే నిజం చెప్పాలి, ఆ సంగతి కమిటీ ఇప్పుడే రాతపూర్వకంగా తీర్మానం చేసి పెట్టుకోవాలి.

ఇక ముందు జాగ్రత్తల గురించి. అందరూ పాలసీ డాక్యుమెంట్ కాపీ ఉందా అని అడుగుతారు, పాలసీ రాయడం కష్టం కాదు, నెట్‌లో దొరుకుతాయి, అసలు కష్టం పాస్టర్ గారికి ఇష్టం లేకపోయినా ఆ పాలసీని అమలు చేయగల మనిషి ఉండటం. ఇంగ్లండ్‌లో ప్రభుత్వం వేసిన స్వతంత్ర విచారణ సంస్థ 2020 అక్టోబర్‌లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ మీద ఇచ్చిన రిపోర్టులో పట్టుకున్నది ఇదే, భద్రతాధికారులు బిషప్‌కి సలహా ఇచ్చేవాళ్ళుగా మిగిలిపోయారు, వాళ్ళకి బిషప్‌తో సంబంధం లేకుండా నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వండి అని. 1940ల నుంచి 2018 వరకు ఆ చర్చికి సంబంధించి పిల్లల మీద లైంగిక నేరాలకి శిక్ష పడినవాళ్ళు 390 మంది ఉన్నారని అదే రిపోర్టు చెప్పింది. ఇంత జరిగాక కూడా 2025 ఫిబ్రవరిలో వాళ్ళ పాలక సభ, అంటే సినడ్, పర్యవేక్షణని బయటి సంస్థకి ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ మేత్రాసనాల్లో, అంటే ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతాల్లో, పనిచేసే భద్రతా సిబ్బందిని బయటికి మార్చడానికి వెనక్కి తగ్గింది. అధికారం వదులుకోవడం అంత కష్టం. మీ దగ్గర పాస్టర్ గారు, ఆయన భార్య స్త్రీల మీటింగ్, కొడుకు యూత్, బావమరిది ట్రెజరర్ అయితే ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా ఎవరికి చెప్పాలి? అందుకని ఫిర్యాదు తీసుకునే ఇద్దర్ని పెట్టండి, ఒకరు ఆడవాళ్ళు, ఇద్దరూ పాస్టర్ బంధువులు కాకూడదు, వీలైతే ఒకరు అసలు మీ సంఘం మనిషే కాకూడదు. వాళ్ళ పేర్లు, నంబర్లు, పోలీస్ నంబరు గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో పెట్టండి.

మిగతా రూల్స్ అందరికీ తెలిసినవే, పాటించడమే లేదు. ఒక్క పెద్దమనిషి ఒక్క పిల్లతో మూసిన గదిలో ఉండకూడదు, కనీసం ఇద్దరు ఉండాలి, ఆ ఇద్దరు భార్యాభర్తలో అన్నదమ్ములో కాకూడదు. సండే స్కూల్ తలుపులకి అద్దం ఉండాలి. పిల్లలకి విడిగా మెసేజ్‌లు లేవు, తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే. బండి మీద ఒంటరిగా దింపడాలు లేవు. రాత్రి క్యాంపుల్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో ముందే రాసి ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి కనీసం 6 నెలలు పిల్లల పని ఇవ్వొద్దు, పాత సంఘానికి ఫోన్ చేసి "మళ్ళీ మీ పిల్లల్ని ఈయనకి అప్పజెబుతారా" అని నేరుగా అడగండి, అవతలివాళ్ళు తడబడితే అదే మీ జవాబు. పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, కానీ అందులో దొరికేది రికార్డులోకి ఎక్కినవాడే, ఇప్పటిదాకా ఎవరూ రిపోర్ట్ చేయనివాడు క్లీన్‌గానే వస్తాడు.

అందుకే నేను ఎక్కువ టైము పెట్టేది గ్రూమింగ్ గురించి, అంటే వేధించేవాడు నమ్మకం సంపాదించి పిల్లని మెల్లగా లొంగదీసుకునే తీరు గురించి, తల్లిదండ్రులకి చెప్పడం మీద. వాడు ముందు పిల్లని పట్టుకోడు, పిల్ల చుట్టూ ఉన్న పెద్దల నమ్మకాన్ని పట్టుకుంటాడు. అందరికంటే ముందు వస్తాడు, అందరికంటే చివర వెళ్తాడు, ఒంటరి తల్లికి సాయం చేస్తాడు, పిల్లకి ఫోన్ రీఛార్జ్ చేయిస్తాడు, తర్వాత "ఇది మనిద్దరి మధ్యే" అనే చిన్న చిన్న రహస్యాలు మొదలుపెడతాడు, ఆ తర్వాతే తాకడం. సాయం చేసే ప్రతివాణ్ణీ అనుమానించమని కాదు, రూల్ నాకు వర్తించదు అన్నట్టు ఉండేవాణ్ణి గమనించమని. మొదటిసారి రూల్ దాటినప్పుడే చిన్న విషయమైనా రాసి పెట్టే ఒక రిజిస్టర్ ఉంచండి, విడిగా చూస్తే చిన్నవే, వరసగా చదివితే కనిపిస్తుంది. పెద్దవాళ్ళకి కూడా ఇదే, కౌన్సెలింగ్ పేరుతో పాస్టర్ ఒక స్త్రీతో సంబంధం పెట్టుకుంటే దాన్ని ఇద్దరి పాపం అనకండి, అధికారం ఒకరి చేతిలోనే ఉంది.

సంఘంలో ఆ ప్రకటన చదివాక పాత విషయాలు కూడా రావొచ్చు, 20, 30 ఏళ్ళ నాటివి. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అని ఎవరినీ అననివ్వకండి. ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 దాకా ఇలాంటి వేధింపుల మీద పనిచేసిన రాయల్ కమిషన్ ముందుకి వచ్చినవాళ్ళు మొదటిసారి ఎవరితోనైనా చెప్పడానికి పట్టిన సగటు కాలం 23.9 ఏళ్ళు. వచ్చినవాటిని ఇప్పటి ఫిర్యాదులాగే తీసుకోండి, నిందితుడు ఇంకా ఎక్కడో పిల్లల మధ్య ఉండొచ్చు.

చివరిగా మీరు అడగనిది, కానీ అడగాలనుకున్నారని అనిపించింది: కమిటీ ఒప్పుకోకపోతే? అప్పుడు మీరు ఒక్కరే వెళ్ళండి. పోలీసులకి చెప్పడానికి తీర్మానం అక్కర్లేదు, పాస్టర్ అనుమతి అక్కర్లేదు, మీ దగ్గర రుజువు ఉండక్కర్లేదు, విన్నది చెప్తే చాలు. వెళ్ళే ముందు ఆ తల్లికి ఫోన్ చేసి చెప్పండి, ఆవిడ వస్తానంటే పక్కన నిలబడండి. ఏ రోజు, ఏ అధికారికి చెప్పారో రాసుకుని, ఫిర్యాదు కాపీ అడిగి తీసుకుని, ఇలా చేశానని కమిటీకి ఒక ఉత్తరం ఇవ్వండి. సంఘం చీలిపోతుంది, మీ వల్లే అంటారు, కొంతమంది పలకరించడం మానేస్తారు, అది నిజంగానే జరుగుతుంది, సిద్ధంగా ఉండండి. ఆ మీటింగ్ ఈ ఆదివారం అన్నారు కాబట్టి ఈ పని శనివారం లోపే చేయండి.